మూగబోయిన కంప్యూటరు - దాన్ని మాట్లాడించే దారి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. కంప్యూటరు వల్ల లాభాలేమిటి, నష్టాలేమిటి అనే అంశం మీద మన వేదిక మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు. పిల్లలు వ్యాసరచన పోటీల్లో కూడా అదే రాస్తున్నారు. అందువల్ల నేను దాని జోలికి పోకుండా రెండే రెండు చిన్న విషయాలు మనవి చేస్తాను. ఒకటి, ఇంట్లో బల్ల మీద వున్న కంప్యూటరు నుంచి శబ్దం రాకపోతే ఏం చేయాలి? రెండు, అందులోకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించవలసి వస్తే ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? వినడానికి ఇవి మెకానిక్కు పనిలాగా తోస్తాయి. కాని మన ఇళ్లలో అనవసరంగా డబ్బు వదిలేదీ, బాగా వున్న యంత్రాన్ని పాడైందని అటక ఎక్కించేదీ ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

ముందుగా ఏ కంప్యూటర్ల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ కంపెనీ వారి మామూలు మద్దతు ముగిసిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. 2017కు ముందు వచ్చిన ప్రాసెసర్లను చాలావరకు అది ఒప్పుకోదు. మరి మన వాళ్ల ఇళ్లలో వున్నవి ఎక్కువగా ఆ కాలం పెట్టెలే. కొన్నవాళ్లు ఒక్కొక్క వెయ్యీ కూడబెట్టి కొన్నారు. వాటిని పాత ఇనుముకు వేయకుండా లినక్స్ అనే మరో వ్యవస్థ ఎక్కించుకుంటే ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా పనిచేస్తాయి. లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినుస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు మొదలుపెట్టాడు. దాని మీద కట్టిన డెబియన్, ఉబుంటు, లినక్స్ మింట్ వంటి వ్యవస్థలను దేశదేశాల వాళ్లు కలిసి పెంచారు. వీటికి డబ్బు కట్టనక్కరలేదు. మన సంఘం కంప్యూటరు గదిలో వున్నది లినక్స్ మింటే. నేను చెప్పేవి దానికి చెందిన సంగతులు. అయినా శబ్దం దారి ఏ వ్యవస్థలోనైనా ఇంచుమించు ఒకటే గనుక, విండోస్ వున్నవాళ్లకు కూడా సగం మాటలు పనికొస్తాయి.

"శబ్దం రాకపోతే ఏమైంది, పాటలు వినకపోతే కొంప మునిగిందా?" అని మన పెద్దలు కొందరు అంటారు. పాటల సంగతి పక్కన పెడదాం. కొడుకు గల్ఫులో వుంటే వారానికి ఒకసారి కంప్యూటరు ముందు కూర్చుని వాడి మాట వినే తల్లులు ఈ సభలోనే ఎంతోమంది వున్నారు. తెర మీద బొమ్మ పెదవులు కదిలిస్తూ వుంటుంది, మాట వినపడదు. ఆ బాధ వాళ్లను అడగాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి వుంది. చూపులేని పిల్లలకు కంప్యూటరు తెర అంటే చెవే. తెర మీద వున్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. లినక్స్‌లో ఓర్కా అనేది వుంది. విండోస్‌కు ఎన్‌వీడీఏ వుంది. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టగా జేమ్స్ టే తోడయ్యాడు. ఇద్దరూ చూపులేని వాళ్లే, ఇద్దరూ కలిసి దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఆ గొంతు ఇనుప డబ్బాలోంచి వచ్చినట్లుంటుంది గాని, అలవాటు పడ్డ పిల్లలు దాన్ని మనం అందుకోలేనంత వేగంగా పెట్టుకుని వింటారు.

అటువంటి పిల్లవాడొకడు మన సభ్యుల ఇంట్లోనే వున్నాడు. ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. పరీక్షలు నెలరోజుల్లో వున్నాయనగా వాళ్ల పాత మోనిటరు కాలిపోతే, తండ్రి వెళ్లి కొత్తది తెచ్చి బిగించాడు. బిగించిన మరుక్షణం నుంచి కంప్యూటరు మూగబోయింది. "చాచా, దానికి గొంతు పోయింది, నాకు కళ్లు పోయినట్లే వుంది" అని ఆ అబ్బాయి నాకు ఫోను చేశాడు. వాళ్లు అప్పటికే పెట్టెను ఒక రిపేరు దుకాణానికి మోసుకుపోయారు. అక్కడ చూసినవారు మదర్‌బోర్డులో శబ్దం భాగం కాలిపోయిందనీ, బోర్డు మార్చాలనీ చెప్పి వేలల్లో లెక్క వేశారు. నిజానికి కాలిందేమీ లేదు. పాత మోనిటరుకు నీలం రంగు ప్లగ్గు వున్న వీజీఏ వైరు వుండేది. దానిలో బొమ్మ తప్ప శబ్దం పోదు. కొత్త మోనిటరుకు హెచ్‌డీఎంఐ వైరు వచ్చింది. దానిలో బొమ్మా, శబ్దమూ రెండూ పోతాయి. కంప్యూటరు తన తెలివి కొద్దీ శబ్దాన్నంతా ఆ కొత్త వైరులోకి మళ్లించేసింది. ఆ మోనిటరులో స్పీకర్లు లేవు. ఇక మాట ఎక్కడినుంచి వస్తుంది?

ఆ అబ్బాయి తల్లికి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను ఫోనులో చెబుతూ వుంటే ఆమె మౌసు పట్టుకుని, తెర కింద మూల వున్న స్పీకరు బొమ్మ మీద నొక్కి, సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడ ఔట్‌పుట్ అనే చోట హెచ్‌డీఎంఐ మీద వున్న గుర్తును తీసి "లైన్ ఔట్" అన్నదాని మీద పెట్టింది. అంతే. మూడు నొక్కులు. గొంతు వచ్చేసింది. కొన్ని యంత్రాల్లో ఆ మాట "అనలాగ్ స్టీరియో" అని వుంటుంది, కొన్నిటిలో "స్పీకర్స్" అనో "హెడ్‌ఫోన్స్" అనో వుంటుంది.

కొత్త మోనిటరు గాని, టీవీ గాని కంప్యూటరుకు తగిలించాక శబ్దం పోయిందంటే మొదట అనుమానించవలసింది ఈ హెచ్‌డీఎంఐనే. సన్నగా వుండే డిస్‌ప్లే పోర్టు వైరు కూడా అట్లాంటిదే. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలామంది దుకాణం గడప తొక్కవలసిన పని వుండదు.

ఇక మిగిలిన కారణాలు. కాలవ చివరి పొలానికి నీళ్లు రాకపోతే రైతు ఏం చేస్తాడు? తన మడి దగ్గర మొదలుపెట్టి గట్టు వెంబడి పైకి నడుస్తాడు. ఎక్కడిదాకా నీళ్లు వున్నాయి, ఎక్కడ ఆగాయి అని చూసుకుంటూ తూము దాకా పోతాడు. శబ్దం విషయంలోనూ చెవి దగ్గర బయలుదేరి వెనక్కి నడవాలి. మనవాళ్లు చేసేది దీనికి తలకిందులు. మొదటే లోపలి సాఫ్ట్‌వేరును కెలుకుతారు, ఎవరో చెప్పిన డ్రైవరు ఎక్కిస్తారు, చివరికి చూస్తే స్పీకరు ప్లగ్గు గోడకు వుండదు.

కాబట్టి మొదట స్పీకర్లు. వాటికి కరెంటు వుందా, వెనక స్విచ్చి వేసి వుందా, గుండీ పూర్తిగా కిందికి తిప్పి వుందా చూడాలి. తరువాత ఆ స్పీకర్ల పిన్నును తీసి హెడ్‌ఫోను రంధ్రం వున్న ఏ ఫోనుకో, రేడియోకో పెట్టి చూడాలి. అక్కడ మోగితే స్పీకర్లు బాగున్నట్లు. అట్లాగే వేరే హెడ్‌ఫోను ఒకటి కంప్యూటరుకు పెట్టి చూడాలి. దానిలో వినిపిస్తే కంప్యూటరు బాగున్నట్లు. రెండు నిమిషాల పని ఇది. జబ్బు గట్టుకు ఇవతలుందా, అవతలుందా అన్నది దీనితో తేలిపోతుంది.

ఆ తరువాత పిన్ను పెట్టే చోటు. పెట్టె వెనకాల మూడు రంగుల రంధ్రాలు వుంటాయి. ఆకుపచ్చది స్పీకర్లకు, గులాబీది మైకుకు, నీలంది బయటినుంచి శబ్దం లోపలికి తెచ్చుకోవడానికి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కంపెనీలు కలిసి పీసీ 99 అని ఒక ప్రమాణం పెట్టుకున్నాయి, ఈ రంగులు దానిలోవే. అందుకే ఏ కంపెనీ పెట్టె అయినా ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే. బల్లను గోడ దగ్గరనుంచి జరపకుండా చెయ్యి వెనక్కి పెట్టి తడుముతూ పిన్ను గుచ్చేవాళ్లు నూటికి తొంభై మంది. అందులో సగంమంది గులాబీలో గుచ్చుతారు. టార్చి వేసి చూసి పెట్టండి. ముందువైపు వుండే రంధ్రం నుంచి లోపలి బోర్డుకు సన్నని వైరు ఒకటి వెళుతుంది. పెట్టె ఎప్పుడైనా విప్పి దుమ్ము దులిపినప్పుడు అది వూడిపోతూ వుంటుంది. అందుకని ముందువైపు రంధ్రంలో రాకపోతే వెనకవైపు దానిలో పెట్టి చూడందే ఏ నిర్ణయానికీ రావద్దు.

ముందువైపు రంధ్రం ఇంకో తమాషా కూడా చేస్తుంది. హెడ్‌ఫోను గుచ్చగానే స్పీకర్లు వాటంతటవే ఆగిపోవాలని ఒక ఏర్పాటు వుంది. ఆ రంధ్రంలో వుండే చిన్న రేకు వంగిపోయినా, దుమ్ము పట్టినా హెడ్‌ఫోను గుచ్చే వుందని కంప్యూటరు భ్రమపడుతుంది. ఇక వెనక స్పీకర్లు ఎంత బాగున్నా పలకవు. అప్పుడు ముందు రంధ్రంలో హెడ్‌ఫోను పిన్నును నాలుగైదుసార్లు పెట్టి తీస్తే కొన్నిసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఆల్సామిక్సర్ అనే పనిముట్టులో "ఆటో మ్యూట్" అన్నదాన్ని ఆపివేయాలి.

ఆల్సామిక్సర్ అన్నాను గనుక అదేమిటో చెబుతాను. లినక్స్‌లో శబ్దానికి అడుగు అంతస్తు పేరు ఆల్సా. ధ్వని చిప్పుతో నేరుగా మాట్లాడేది అదే. దాని మీద పై అంతస్తులో ఒక పెత్తందారు వుంటాడు. పాట ఒకవైపు, ఫోను మాట ఒకవైపు వస్తూ వుంటే రెండింటినీ కలిపి, దేనికెంత గొంతు ఇవ్వాలో చూసి, ఏ వైరులోకి పంపాలో నిర్ణయించేది ఆ పెత్తందారే. చాలా ఏళ్లపాటు పల్స్ ఆడియో అనేది ఆ పని చేసింది. ఉబుంటు వాళ్లు దాన్ని 2008లో పెట్టుకున్నారు. ఆ తరువాత పైప్‌వైర్ అనే కొత్తది వచ్చి 2021లో ఫెడోరాలోనూ, 2022లో ఉబుంటులోనూ, 2024లో మింట్‌లోనూ ఆ కుర్చీలో కూర్చుంది. మనం తెర మూల చూసే స్పీకరు బొమ్మ పై అంతస్తుది. అక్కడ అంతా సవ్యంగా కనిపిస్తున్నా కింద అంతస్తులో ఎవరో తలుపు వేసి వుండవచ్చు. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి, ఆల్సామిక్సర్ అనే మాటను ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ కొడితే గొట్టాల్లాంటి బొమ్మలు వరసగా కనిపిస్తాయి. ఎఫ్6 మీట నొక్కితే ఏ సౌండు కార్డో ఎంచుకోవచ్చు. గొట్టం అడుగున రెండు ఎమ్ అక్షరాలు వుంటే అది మూసి వుందని అర్థం. బాణం మీటలతో దాని దగ్గరికి పోయి ఎమ్ మీట నొక్కితే తెరుచుకుంటుంది. పై బాణం నొక్కితే శబ్దం పెరుగుతుంది. ఎస్కేప్ నొక్కి బయటికి రావచ్చు. దీనికి భయపడవలసిందేమీ లేదు. మన ఇళ్లలో కుక్కరుకు రబ్బరు మార్చడం ఇంతకంటే కష్టం.

పై అంతస్తులో కూడా మూసే చోట్లు ఒకటి కాదు. మొత్తం శబ్దానికి ఒకటి, ఒక్కొక్క ప్రోగ్రాముకు ఒక్కొక్కటి, బ్రౌజరులో ఒక్కొక్క ట్యాబుకు ఒక్కొక్కటి వుంటాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ అనే చోట, పాట నడుస్తూ వున్నప్పుడు చూస్తేనే ఆ ప్రోగ్రాము పేరు కనిపిస్తుంది. నడవనప్పుడు చూస్తే ఖాళీగా వుంటుంది. చాలామంది ఇక్కడే గాభరాపడతారు. ఇక గల్ఫు ఫోన్ల సంగతి. మన మాట అవతలివాళ్లకు వినపడకపోతే ఇన్‌పుట్ అనే చోట ఏ మైకు ఎంచి వుందో చూడాలి, మాట్లాడుతూ వుంటే అక్కడి గీత కదులుతున్నదా చూడాలి. కదులుతూ వుంటే మైకు బాగున్నట్లే. బ్రౌజరు "మైకు వాడుకోనా?" అని అడిగినప్పుడు ఎవరో వద్దని నొక్కి వుంటారు. పైన చిరునామా పక్కన వున్న చిన్న బొమ్మ నొక్కి ఆ అనుమతి మళ్లీ ఇవ్వాలి.

ఇవన్నీ చూసినా పలకలేదు, సౌండ్ సెట్టింగ్స్‌లో "డమ్మీ ఔట్‌పుట్" అని ఒక్కటే కనిపిస్తున్నది అనుకోండి. అంటే వ్యవస్థకు సౌండు చిప్పు అసలు కనపడడం లేదు. అప్పుడు పెట్టెను పూర్తిగా ఆపి, ప్లగ్గు పీకి, నిమిషం ఆగి మళ్లీ వెలిగించాలి. నిన్న వుండి ఇవాళ పోయిందంటే, రాత్రి అప్‌డేటు ఏమైనా జరిగిందా గుర్తు చేసుకోవాలి. జరిగి వుంటే, వెలిగేటప్పుడు వచ్చే మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోయి పాత కెర్నెల్‌తో మొదలుపెట్టి చూడవచ్చు. బయాస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియో అనేది ఆపి వుందేమో చూడవచ్చు. వీటికంటే ఖచ్చితమైన పరీక్ష ఒకటుంది. లినక్స్ వున్న పెన్‌డ్రైవు గుచ్చి, లోపలి డిస్కును ముట్టుకోకుండా దాని మీదనుంచే కంప్యూటరును నడిపించవచ్చు. అక్కడ శబ్దం వస్తే చిప్పు బాగుంది, జబ్బు మన సాఫ్ట్‌వేరులో వుందన్నమాట. రెండు మూడు రకాల పెన్‌డ్రైవుల మీదనుంచి నడిపినా రాకపోతే, అప్పుడు గాని చిప్పు మీద అనుమానపడకూడదు.

సరే, చిప్పు నిజంగానే పోయిందనుకుందాం. అప్పుడైనా బోర్డు మార్చనక్కరలేదు. 1981లో ఐబీఎం వారి మొదటి పీసీ వచ్చినప్పుడు దానిలో కీచుమనే చిన్న స్పీకరు తప్ప మరేమీ లేదు. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లాంటి విడి కార్డును తెచ్చి లోపల గుచ్చుకునేవారు. తరువాత తరువాత ఆ కార్డు పని బోర్డులోనే కలిసిపోయింది. ఇప్పుడు యూఎస్‌బీ సౌండు కార్డు అని బొటనవేలంత వస్తువు కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. గుచ్చగానే మామూలుగా లినక్స్ దానికై అదే గుర్తుపడుతుంది, డ్రైవరు ఎక్కించవలసిన పని వుండదు. నేను చెప్పిన అబ్బాయి బల్ల సొరుగులో ఇప్పుడు అది ఒకటి ఎప్పుడూ వుంటుంది. ఎందుకంటే, మనకు శబ్దం పోతే తెర చూసి సరిచేసుకుంటాం. వాడికి శబ్దం పోతే సరిచేసుకునే దారే మూసుకుపోతుంది. చూపులేని పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది వుండాలని నా మనవి.

ఇక రెండో విషయంలోకి వస్తాను. శబ్దం పోయిన మరుక్షణం మనవాళ్లు చేసే మొదటి పని ఏదో ఒకటి ఎక్కించడం. ఇంటర్నెట్లో వెతికితే పదిహేనేళ్ల కిందటి సలహా ఒకటి దొరుకుతుంది, పల్స్ ఆడియోను పీకిపారెయ్యి అని. ఆ రోజుల్లో దానితో కొందరికి చిక్కులు వచ్చిన మాట నిజమే. కాని ప్రోగ్రాములు ఒకదాని మీద ఒకటి ఆధారపడి వుంటాయి. ఇంటి కింద స్తంభం ఒకటి తీస్తే పైనున్న గది కూడా వస్తుంది. అట్లా పీకబోయి డెస్క్‌టాప్ మొత్తాన్ని పీకేసుకున్నవాళ్లు వున్నారు. ఏది ఎక్కించినా, ఏది తీసేసినా, "సరేనా?" అని అడిగే ముందు వ్యవస్థ ఒక జాబితా చూపిస్తుంది. కొత్తగా వచ్చేవి ఇవి, తీసివేయబడేవి ఇవి అని. తీసివేయబడేవి అన్న చోట మీరు అడగని పేర్లు వరసగా కనిపిస్తే ఆగిపోవాలి. స్టాంపు కాగితం మీద సంతకం పెట్టేముందు చదువుతాం గదా, అట్లాగే.

అసలు లినక్స్‌లో సాఫ్ట్‌వేరు తెచ్చుకునే పద్ధతే వేరు. విండోస్ అలవాటున్నవాళ్లు బ్రౌజరులో పేరు కొట్టి, మొదట కనపడిన "డౌన్‌లోడ్" అనే పచ్చ బొత్తాం నొక్కుతారు. ఒక పేజీలో అటువంటి బొత్తాలు నాలుగుంటే అందులో మూడు ప్రకటనలే. కావలసింది ఒకటైతే దాని వెంట పిలవని చుట్టాలు ముగ్గురు వస్తారు. ఇంకొందరు డబ్బు పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేరును క్రాక్ అనే దొంగ తాళంచెవితో తెరుస్తారు. ఆ క్రాక్ పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటుంది. కాపలావాణ్ణి పంపేసి రా, తలుపు తీస్తానని చెప్పేవాడు ఎవడో మీరే ఆలోచించండి. బ్యాంకు లెక్కలు చూసుకునే కంప్యూటరులో ఈ పని చేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

లినక్స్‌లో ప్రతి వ్యవస్థకూ తనదైన గిడ్డంగి వుంటుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 గిడ్డంగిలో 64 వేలకు పైగా ప్యాకేజీలు వున్నాయి. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి పేరు వెతికి, ఇన్‌స్టాల్ నొక్కితే ఆ గిడ్డంగి నుంచే వస్తుంది. వచ్చిన సరుకు మీద లక్కముద్ర లాంటి గుర్తు ఒకటి వుంటుంది. మధ్యదారిలో ఎవరైనా విప్పి ఏదైనా కలిపితే ఆ ముద్ర సరిపోదు, వ్యవస్థ దాన్ని తిప్పి పంపేస్తుంది. కావలసిన ఇతర సరుకులు కూడా అదే చూసి తెచ్చుకుంటుంది. అప్‌డేట్లన్నీ ఒకేచోటి నుంచి వస్తాయి.

ఇక్కడ కొత్తవాళ్లు ఆగిపోయే చోట్లు కొన్ని వున్నాయి. నల్ల కిటికీలో పాస్‌వర్డు అడిగినప్పుడు మనం టైపు చేస్తూ వుంటే ఒక్కొక్క వ్యవస్థలో ఏమీ కనపడకపోవచ్చు, చుక్కలు కూడా రాకపోవచ్చు. కీబోర్డు చెడిపోయిందనుకుంటారు. చెడలేదు, పక్కవాడు అక్షరాలు లెక్కపెట్టకుండా అట్లా పెట్టారు. పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కాలి. "లాక్ దొరకలేదు" అని ఒక్కొక్కసారి మొరాయిస్తుంది. వెనకాల ఇంకో అప్‌డేటు జరుగుతున్నదని దాని అర్థం. టీ తాగి వస్తే సరి. ఆ తాళాన్ని చెరిపెయ్యమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. ఎక్కిస్తూ వుండగా కరెంటు పోతే, డీపీకేజీని కాన్ఫిగర్ చేయమని ఒక సందేశం వస్తుంది. ఏ మాట టైపు చేయాలో అది అక్కడే రాసి చూపిస్తుంది. చూసి రాయడమే. గిడ్డంగిలో లేనిది కావాలంటే ఆ తయారీదారుల సొంత చోటునుంచి డెబ్ ఫైలు తెచ్చుకోవచ్చు. ఫ్లాట్‌పాక్ అనే మరో పద్ధతి కూడా మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే కలిసి వుంటుంది. అది డిస్కులో చోటు ఎక్కువ తింటుంది. పాత పెట్టెల్లో డిస్కు చిన్నదైతే రెండు పద్ధతుల్లోనూ దొరికేదాన్ని మామూలు ప్యాకేజీగానే తీసుకోండి.

ఏ పెద్ద మార్పు చేసేముందైనా మింట్‌లో టైమ్‌షిఫ్ట్ అనేదాన్ని తెరిచి ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టుకోవాలి. తరువాత ఏది చెడినా వ్యవస్థను ఆ రోజు వున్న స్థితికి తిప్పుకోవచ్చు. అది వ్యవస్థ ఫైళ్లకే. మీ పిల్లల ఫొటోలు, కాగితాలు దానిలో రావు. వాటిని వేరే డిస్కులోకో, పెన్‌డ్రైవులోకో విడిగా నకలు చేసుకోవలసిందే.

ఏమేమి ఎక్కించుకోవాలి అంటారా? పిల్లల చదువుకు, దరఖాస్తులకు లిబ్రె ఆఫీస్ మింట్‌లో ముందే వుంటుంది. పాటలకు, వీడియోలకు వీఎల్‌సీ. చిన్నపిల్లలకు జీకాంప్రీ. శబ్దం రికార్డు చేసి కత్తిరించడానికి ఆడాసిటీ. తెలుగు అక్షరాలు గళ్లుగళ్లుగా కనపడితే గిడ్డంగిలో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వుంది. ఉర్దూ రాసే పెద్దలకు నోటో నస్తాలిక్ ఉర్దూ అనే ఫాంటు వుంది. కొత్త లిపి ఎక్కించాక కీబోర్డు సెట్టింగ్స్‌లో ఆ భాషను కూడా కలుపుకోవాలి. లేకపోతే ఫాంటు వున్నా రాయడం కుదరదు.

కాని అందరికీ లినక్స్ మందు అని నేను చెప్పను. దుకాణం లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్లు విండోస్‌నే వుంచుకోవాలి. ట్యాలీ విండోస్ కోసం చేసింది. మన తెలుగు ప్రెస్సుల్లో పేజ్‌మేకరు, అను ఫాంట్ల మీద పనిచేసేవాళ్ల పరిస్థితీ అంతే. పేజ్‌మేకరుకు అడోబి కంపెనీ కొత్త రూపం తేవడం ఎప్పుడో మానేసినా, పాత ఫైళ్లన్నీ దానిలోనే వున్నాయి గనుక వాళ్లు ఒక్కసారిగా మారలేరు. అటువంటివాళ్లు పాత విండోస్ పెట్టెను ఆ పనికి మాత్రమే వుంచుకుని, ఇంటర్నెట్ వైరు పీకేసి, బ్యాంకు పనికీ పిల్లల చదువుకూ వేరే పెట్టె వాడుకుంటే క్షేమం. ఒకే పెట్టె వుంటే డిస్కును రెండు భాగాలు చేసి రెండు వ్యవస్థలూ పెట్టుకోవచ్చు. అది చేసేముందు ఫైళ్లన్నీ బయటికి నకలు తీసి పెట్టుకోవడం తప్పనిసరి.

కంప్యూటరు గది బీరువాలో మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవులు కొన్ని వుంచాం. కావలసినవాళ్లు పుస్తకంలో పేరు రాసి తీసుకువెళ్లి, మీ ఇంటి పెట్టెను దాని మీదనుంచి నడిపించి చూడండి. శబ్దం, వైఫై, ప్రింటరు మూడూ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించిన తరువాతే డిస్కులోకి ఎక్కించే సంగతి ఆలోచించండి. పెన్‌డ్రైవు మాత్రం తిరిగి ఇవ్వండి, తరువాతివాళ్లు ఎదురుచూస్తూ వుంటారు.